బందరు డాక్టరుగారి బ్యాంకు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని మన కార్యదర్శిగారు కోరారు. నేను డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారిని ఎంచుకున్నాను. భక్తి ఒక్కటే కారణం కాదు. రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీలో పెద్దభాగం ఎక్కువ వడ్డీ ఆశతో ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలో వేసి పోగొట్టుకున్నవాణ్ణి నేను. మా మంగళగిరి పానకాలస్వామి ఎంత పానకం పోసినా సగం తాగి సగం మనకే వదిలిపెడతాడు. వాళ్ళు ఆ సగమైనా వదలలేదు. ముప్పయ్యేళ్ళు ఇతరుల బిల్లులకు అభ్యంతరాలు రాసిన గుమాస్తాను, ఆ కంపెనీని ఎవరు నడుపుతున్నారు, ఎలా నడుపుతున్నారు అని ఒక్కసారీ అడగలేదు. అద్దాల గది, టై కట్టుకున్న కుర్రాళ్ళను చూసి సంతకం పెట్టేశాను.

పట్టాభిగారు 1880 నవంబరు 24న గుండుగొలనులో, పేద కుటుంబంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి 1906లో బందరులో ప్రాక్టీసు పెట్టారు. ఆ ఏడే అక్టోబరులో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. దొరల కంపెనీ, యజమానికి సర్ బిరుదు. ఆ పేరు చూసే ఎందరో చిన్న జీతగాళ్ళు, పెన్షనర్లు దాచుకున్నది తెచ్చి అందులో వేశారు. లండనులోని భాగస్వామి సొమ్మును దూరదేశాల వ్యాపారాల్లోకి మళ్ళించాడు. చివరకు అతడు రైలు కింద పడి చనిపోయాడు. సర్ జార్జి అర్బత్‌నాట్‌కు పద్దెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. పేరు కూలగానే అంతా కూలింది. 1907లో మద్రాసులో ఇండియన్ బ్యాంకు పుట్టడానికి ఆ దెబ్బే కారణం.

బందరులో మన డాక్టరుగారు పదేళ్ళకే ప్రాక్టీసు వదిలేసి ప్రజాసేవకు దిగారు. 1910లో మిత్రులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల, 1915లో కృష్ణా జిల్లా సహకార బ్యాంకు, 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ. ఆంధ్రా బ్యాంకు మొదలైనప్పుడు చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. తన సంస్థల్లో ఉత్తరప్రత్యుత్తరాలు తెలుగులోనే సాగాలని ఆయన పట్టుబట్టారు. దీన్ని భాషాభిమానంగానే చెప్పుకుంటాం. నాకు ఇంకొకటి కనిపిస్తుంది. తన బ్యాంకు ఉత్తరం తానే చదువుకోగల రైతు ప్రశ్న వేయగలడు. ప్రశ్న వస్తుందని తెలిసిన గుమాస్తా లెక్క సరిగ్గా రాస్తాడు. నా చేత ఫైనాన్సు కంపెనీవారు సంతకం పెట్టించిన కాగితం మాత్రం నాలుగు పేజీల చీమతలకాయ ఇంగ్లీషు!

సర్వీసులో నేను చూసిందీ ఇదే. ఒక ఆఫీసరుగారు తన టీ డబ్బులు తానే ఇచ్చుకునేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ మా సెక్షనులో ఎవరూ చెయ్యి చాచలేదు. తరువాత వచ్చిన ఆయన ఇంటికి బియ్యం బస్తాలు తెప్పించుకున్నారు. ఆరు నెలల్లో అటెండరు దగ్గర నుంచి అందరికీ రేటు ఏర్పడింది. రూల్సు పుస్తకం రెండు కాలాల్లోనూ ఒకటే. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? నేను ఏ గట్టున మేశానో అడగకండి.

పట్టాభిగారు స్వాతంత్ర్యోద్యమంలో పలుమార్లు జైలుకు వెళ్ళారు. 1942 నుంచి 1945 వరకు అహమ్మదునగరు కోటలో నెహ్రూ, పటేలు వంటివారితో ఉన్నారు. స్థాపించినవారు కోట గోడల మధ్య ఉన్నారు, బందరులో పుట్టిన బ్యాంకు తలుపులు మాత్రం రోజూ తెరుచుకున్నాయి. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద సంగతి ఇదే అనిపిస్తుంది. 1939లో సుభాష్ చంద్రబోసు చేతిలో ఓడటం, 1948లో కాంగ్రెసు అధ్యక్షులు కావటం, తరువాత మధ్యప్రదేశ్ గవర్నరుగిరీ అందరికీ తెలిసినవే. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మా ఊళ్ళోనూ బోర్డు మారింది. ఆ రోజు మా ఆవిడ పాత పాసుపుస్తకం బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది. మొన్న మిగిలిన డిపాజిటు రెన్యూవలుకు వెళ్ళి, తెలుగు ఫారం ఉందా అమ్మా అని కౌంటరులో అడిగాను. ఆ అమ్మాయి లేచి లోపలికి వెళ్ళి, కాస్త వెతికి ఒకటి తెచ్చి ఇచ్చింది. అక్కడే బల్ల మీద కూర్చుని, పూర్తిగా చదివి, అప్పుడు సంతకం పెట్టాను.