శ్రీ కందుకూరి వీరేశలింగము పంతులుగారి గృహము

రాజమహేంద్రవరమునకు వచ్చు మనవారు గోదావరీస్నానము చేసి, కోటిలింగేశ్వరుని సేవించి, రైలువంతెనను చూచి మరలిపోవుచుందురు. ఆ పట్టణపు పాతవీధులలో స్మారకమందిరముగా కాపాడబడుచున్న యొక గృహము కలదు. దానిని దర్శించువారు మిక్కిలి అరుదు. అది కందుకూరి వీరేశలింగము పంతులుగారి యిల్లు. మా ముత్తాతగారు ఆ యింటిముందునుండి నడచుట మాని చుట్టుత్రోవను పోవుచుండెడివారని మా యింట చెప్పుకొనుట నేను చిన్ననాట విని యుంటిని. కావున మొన్న ఆ గడప దాటునపుడు నాకు భక్తితోపాటు కొంత సిగ్గును కలిగినది.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన ఈ పట్టణముననే మన నియోగివంశమున జనించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పూర్ణమ్మగారు. నాలుగేండ్ల ప్రాయముననే పితృవియోగము సంభవించినది. పదుమూడవయేట బాపమ్మగారిని పరిణయమాడిరి. ఆమెయే తరువాత రాజ్యలక్ష్మమ్మగారుగా ప్రసిద్ధి చెందిరి. వారికి సంతానము లేదు.

యౌవనమున పంతులుగారు గొప్ప శబ్దపండితులు. ఓష్ఠ్యాక్షరమొక్కటియు లేకుండ అచ్చతెనుగున నైషధమును రచించిరి. అట్టి విద్యను అభ్యసించినవారికే దాని కష్టము తెలియును. అంతటి కూర్పు నేర్చిన చేయి, 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి, ఉద్యోగుల లంచములను, వేశ్యాసాంగత్యమును, బాల్యవివాహములను గూర్చి సామాన్యులకు బోధపడు వచనమును వ్రాయజొచ్చినది. ఆ యేటనే ధవళేశ్వరమున బాలికాపాఠశాలయు వెలసినది. వారి కలము మృదువైనది కాదు. శత్రువులను సంపాదించుటలో వారు లోభము చూపలేదు.

1856లోనే వితంతువివాహములను అంగీకరించు చట్టము వచ్చియున్నను, మన తెలుగునాట దానిని కాగితముపైనుండి పందిరిలోనికి తెచ్చినవారు లేరు. 1879 ఆగస్టు 3వ తేదీన పంతులుగారు ఈ విషయమై బహిరంగముగ నుపన్యసించిరి. శాస్త్రవాదము పట్టణమంతట చెలరేగినది. పరాశరస్మృతి వచనములకు అర్థము చెప్పుటలో పండితులు పంతములు పట్టిరి. ఆ వాదములో గెలుపోటములు నిర్ణయించుట నా పనికాదు. గాని ఆ వాదము సాగుచుండగా తలలు గొరిగించుకొని మూలగదులలో కూర్చుండిన బాలికల సంగతి చాలమంది పండితులు తలపలేదని మాత్రము చెప్పక తప్పదు.

1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి, గోగులపాటి శ్రీరాములుగారికిని బాలవితంతువగు గౌరమ్మకును పంతులుగారి యింట వివాహము జరిగినది. కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారు ధనసాహాయ్యము చేసిరి. పోలీసుల కావలి నడుమ ఊరేగింపు సాగినది. బంధువులు ముఖము చాటువేసిరి. వంటవారు రాలేదు, నీళ్లు తెచ్చువారును మానిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి బిందెలతో నీళ్లు మోసి, తామే వంటచేసి, పెండ్లివారికి వడ్డించిరి. వీరేశలింగముగారి పేరు పాఠ్యపుస్తకములలో నెక్కినది. ఈ బిందెల మాట ఎక్కవలసినంతగా ఎక్కలేదు. ఇంట నిలుచున్నంతసేపు నా మనస్సున మెదలినది ఆ బిందెలే.

కొలది దినములకే రెండవ వివాహము జరిగినది. పిమ్మట బహిష్కారమును వచ్చినది. పెండ్లిలో భోజనము చేసినవారిలో కొందరు ప్రాయశ్చిత్తము చేసికొని వెనుదీసిరి. బహిష్కరించినవారు పరులు కారు, మనవారే. నేడు మన వార్షికసంచికలో వారి చరిత్రము ముద్రించుకొను మనము ఈ సంగతి దాచుట న్యాయము కాదు. వారు తుదకు యజ్ఞోపవీతమును విసర్జించి బ్రహ్మసమాజమతమున నిలిచిరి. కావున వారు మనవారని మనము చెప్పుకొనుచున్నాము గాని, కులనామమున గౌరవము పొందుటకు వారు సమ్మతించియుందురో లేదో!

రాజశేఖరచరిత్రము, ఆంధ్రకవుల చరిత్రము మొదలగు గ్రంథముల గూర్చి ఇచట విస్తరింపను. అవి చదువరులకు సుపరిచితములే. 1893లో రావు బహదూరు బిరుదము లభించినది. కొన్నియేండ్లు చెన్నపురి రాజధాని కళాశాలలో తెలుగు పండితులుగ నుండిరి. గడించిన దానిని హితకారిణీ సమాజమునకు సమర్పించి, వితంతువుల శరణాలయమును, విద్యాశాలలను నిలిపిరి.

1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. పంతులుగారు 1919 మే 27వ తేదీన చెన్నపట్టణమున కీర్తిశేషులైరి. రాజమహేంద్రవరమునకు పోవు మనవారు ఆ గృహమును దర్శించి, పిమ్మట ఆనందోద్యానమునకును పోవలెను. నీళ్లు మోసిన ఆ తల్లి సమాధి అచ్చటనే యున్నది.