పిల్లలకు బడినీ పేరునూ ఇచ్చిన భాగ్యరెడ్డి వర్మ

మన సంఘాల్లో చాలామందిమి మొదటిసారి పేరు రాసింది తీర్మానాల పుస్తకంలోనే. వేలిముద్ర పోయి సంతకం వచ్చిన నాడు ఎట్లుంటదో మనకు ఎరుకే. అందుకే ఈ ఏటి నివేదికలో భాగ్యరెడ్డి వర్మ గారి జీవితం చెప్పుకుందాం.

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మాదరి భాగయ్య. ఆ రోజుల్లో అంటరానివాళ్ళని పేరుపెట్టి దళితుల పిల్లలను బడి గడప తొక్కనిచ్చేవారు కాదు. 1906లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఆయన జగన్మిత్ర మండలి పెట్టారు. చదువురాని పెద్దలకు హరికథలు, భజనల ద్వారా మంచీ చెడ్డా చెప్పించారు. పిల్లల కోసం 1910లో ఇసామియా బజార్‌లో బడి తెరిచారు. ఒక్కొక్కటే పెరిగి, 1930ల మొదట్లో ఆ బడులు 26 అయ్యాయి. రెండు వేలకు పైగా పిల్లలు చదువుకున్నారు. తర్వాత నిజాం ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది.

ఆయన పని అక్షరాలతోనే ఆగలేదు. మనల్ని ఏ పేరుతో పిలుస్తున్నరు, ఆ పేరు ఎవరు పెట్టిన్రు అని అడగడం నేర్పారు. 1917లో బెజవాడలో జరిగిన పంచమ సభకు ఆయనే అధ్యక్షులు. మేము అయిదో కులం కాదు, ఈ నేల మొదటి మనుషులమని ఆ సభ పేరునే ఆది ఆంధ్ర సభగా మార్పించారు. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాజ్యంలోని దళితులను ఆది హిందువులుగా రాయించడానికి పట్టుబట్టి సాధించారు.

ఆడపిల్లలను దేవుడి పేరు చెప్పి జోగినులుగా వదిలేయడం మీద, బాల్యవివాహాల మీద, కల్లు సారా మీద ఆయన ఊరకుండలేదు. బడికి పోవాల్సిన పిల్లను గుడికి ఇడిచిపెడితే చదువు ఎవరికి అందుతది? 1939 ఫిబ్రవరిలో, యాభై ఒక్క ఏళ్ళు నిండకముందే కన్నుమూశారు. ఆయన కట్టించిన ఆది హిందూ భవన్ చాదర్‌ఘాట్‌లో ఉంది. మేడ్చల్, శామీర్‌పేటల నుంచి సిటీకి పోయినప్పుడు పిల్లలను తోలుకపోయి చూపించవచ్చు.

ఇప్పుడు మన ఊళ్ళల్ల అంగన్‌వాడీ ఉంది, సర్కారు బడి ఉంది. ఇటుక బట్టీల పనికి, కట్టడాల పనికి పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చినోళ్ళ పిల్లలూ ఉన్నరు. వాళ్ళ పేరు హాజరు పట్టీలో ఎక్కిందా? ఎవరినన్నా కులం పేరుతోనో, ఊరు పేరుతోనో పిలుస్తున్నరా? అన్నం కాడ అందరూ ఒకే వరుసల కూసుంటున్నరా? మూడేండ్ల పిల్లకు సమానత్వం అనే మాట తెల్వదు గానీ, తనను పక్కకు కూసోబెడితే మాత్రం తెలుస్తది. ఆ వయసులో నేర్చిన తలవంపు పెద్దయినా పోదు. ఆ వయసులో అడగడం నేర్చినా అంతే, అదీ పోదు.

నెల సమావేశంలో పొదుపులు, కిస్తుల లెక్క అయిపోయినంక, పది నిమిషాలు ఈ ముచ్చట కూడా పెట్టుకుందాం. ఏ వాడ పిల్ల బడికి వస్తలేదో ఊరి సంఘంలో పేరుపేరునా రాసుకుందాం. ఆ పేర్లు పట్టుకొని టీచరమ్మ దగ్గరికి పోయి అడుగుదాం.