వెర్సేల్సులో మధుసూదనుడు

చెన్నపట్టణమున అనాథబాలుర పాఠశాలలో పని చేయుచుండిన ఒక యువకోపాధ్యాయుడు 1849లో తన దినచర్యను కలకత్తాలోని మిత్రునకు వ్రాసి పంపెను. ఉదయము ఆరు మొదలు ఎనిమిది వరకు హీబ్రూ, పండ్రెండు వరకు బడి, రెండింటి వరకు గ్రీకు, అయిదింటి వరకు తెలుగు సంస్కృతములు, ఏడింటి వరకు లాటిను, రాత్రి పది వరకు ఇంగ్లీషు. వంగసాహిత్యమునకు యుగకర్త కానున్న మైకేల్ మధుసూదన దత్తు అతడే. ఆ పట్టికలోని నడిమి మూడు గంటలు తెలుగువారికి ముచ్చట గొలుపును. గ్రీకు నుండి లేచి తెలుగు ముందు కూర్చుండి, అది ముగియగనే లాటినునకు పోవు విద్యార్థులు ఏ కాలమున మాత్రము ఎందరుందురు?

జెస్సోరు జిల్లా సాగర్‌దాడి గ్రామమున 1824 జనవరి 25న జన్మించిన యీతడు హిందూ కళాశాలలో చదువు దినములనుండియు ఇంగ్లీషు కవిగా పేరొందవలెనని, ఇంగ్లండు చేరవలెనని కలలు గనెను. 1843లో క్రైస్తవమతము పుచ్చుకొనెను. తండ్రి పైకము పంపుట మానుకొనగా బ్రతుకుతెరువు వెదకికొనుచు చెన్నపట్టణము చేరెను. అచ్చటనే రెబెక్కాను వివాహమాడెను. అచ్చటనే 1849లో 'కాప్టివ్ లేడీ' యను ఇంగ్లీషు కావ్యమును అచ్చొత్తించెను. ఆ ప్రతి నందుకొన్న బెతూన్ దొర, ఇంతటి ప్రతిభను మాతృభాషకు వినియోగించుట మేలని హితవు చెప్పెను. పై దినచర్య ఆ హితవు వెన్నంటి వచ్చినదే. ఇన్ని భాషల కృషియు తాతతండ్రుల భాషను అలంకరించుటకే యని అతడు మిత్రునకు తెలిపెను.

1856లో భార్యాబిడ్డలను చెన్నపట్టణముననే విడిచి అతడు కలకత్తాకు మరలెను. తరువాతి కాపురము హెన్రియెట్టాతో. ఈ విషయమున అతనిని సమర్థించుట కష్టము. 1859లో శర్మిష్ఠ నాటకము, 1861లో మేఘనాదవధ కావ్యము వెలువడినవి. ఆ రోజులలోనే ఒక ఇటలీ దేశస్థుడు బహూకరించిన టాస్సో కావ్యమును మూలముననే చదువ నారంభించి, ఆ మాధుర్యమునకు పరవశుడయ్యెను. మేఘనాదవధ ఎనిమిదవ సర్గమున శ్రీరాముడు ప్రేతపురికి దిగి దశరథుని దర్శించు ఘట్టముపై వర్జిల్, డాంటేల నీడ స్పష్టముగా కనబడును.

1862లో న్యాయశాస్త్రము చదువుటకు ఓడ యెక్కెను. ఆస్తి కౌలు సొమ్ము క్రమముగా పంపుదుమని మాట యిచ్చినవారు మాట తప్పిరి. లండనులో నిలువలేక 1863లో కుటుంబముతో ఫ్రాన్సు దేశమందలి వెర్సేల్సు చేరెను. పదునాలుగవ లూయీ కట్టించిన మహాప్రాసాదము గల ఆ పట్టణమున ఈ కవి అప్పులవారికి వెరచుచు దినములు గడపెను. స్వదేశమున తనకు నాలుగు వేల రూపాయలు రావలసియుండగా తాను చెరసాలకును, ఆలుబిడ్డలు ధర్మశాలకును పోవలసి వచ్చునేమో యని 1864 జూన్‌లో విద్యాసాగరునకు మొర పెట్టుకొనెను. ఆగస్టు 28, ఆదివారము. పిల్లలు తిరునాళ్లకు పోవలెనని మారాము చేయుచున్నారని, చేత మూడు ఫ్రాంకులే యున్నవని హెన్రియెట్టా కంట తడి పెట్టెను. ఆ దినముననే విద్యాసాగరుడు పంపిన పదునైదు వందల రూపాయలు చేరినవి.

అట్టి స్థితిలో ఇతరుడు పుస్తకము ముట్టునా? మధుసూదనుడు ఫ్రెంచి వశము చేసికొని ఇటాలియను ఆరంభించెను. జర్మను కూడ నేర్వ సంకల్పించెను. విచిత్రమేమనగా అప్పులు, కన్నీరు నడుమనే అతడు ఆ దేశపు సుఖములను తనివితీర మెచ్చుకొనెను. కొలది ఫ్రాంకులకు తాను చేయు భోజనమును బర్ద్వాను రాజు కలనైన ఎరుగడని, అచ్చటి సంగీతము, నృత్యము చూడగా అది పూర్వులు చెప్పిన అమరావతియే యని మిత్రునకు వ్రాసెను. ఆ అమరావతి ఇంద్రునిది. మన కృష్ణాతీరమందలిది కాదు. చేతికి సొమ్ము వచ్చిన మరునాడే బాధ మరచుట అతని స్వభావము, అతని దౌర్భాగ్యము కూడ.

ఇటలీలో పుట్టి పెట్రార్కు చేతిలో పండిన సానెట్టును అతడు కలకత్తాలోనే వంగభాషకు తెచ్చియుండెను. వెర్సేల్సున అది వెల్లువయ్యెను. పంక్తులు పదునాలుగు, పంక్తికి అక్షరములును పదునాలుగు. పరదేశమున కూర్చుండి అతడు వ్రాసినది స్వగ్రామమున పారు కపోతాక్ష నదిని గూర్చి, కాశీరామదాసు, కృత్తివాసులను గూర్చి, ఒకప్పుడు తాను చిన్నచూపు చూచిన మాతృభాషను గూర్చి. ఆ ఖండికలు 1866లో 'చతుర్దశపదీ కవితావళి'గా వెలసినవి.

1865లో డాంటే ఆరువందలవ జయంతి వచ్చెను. మధుసూదనుడు వంగభాషలో ఒక సానెట్టు రచించి, దానిని ఫ్రెంచి, ఇటాలియను భాషలలోనికి తానే మార్చి, ఇటలీ రాజగు విక్టర్ ఇమ్మాన్యుయేలునకు పంపెను. ఈ పద్యము ప్రాచ్యమును పాశ్చాత్యమును కలుపు ఉంగరము కాగలదను భావముతో రాజు కడనుండి ప్రత్యుత్తరము వచ్చెను. ఇల్లు గడుచుటకు విద్యాసాగరుని దయపై ఆధారపడినవాడు రాజునకు కానుక పంపుటలో అతిశయము కొంత లేకపోలేదు. కాని ఆ కానుక పద్యమే గదా!

1866లో బారిష్టరై, మరుసటి యేట కలకత్తాకు తిరిగివచ్చెను. ఖరీదైన హోటలులో బస, విందులు, మరల అప్పులు. 1873 జూన్ 26న హెన్రియెట్టా మరణించెను. మూడు దినములకు, జూన్ 29న, ఆలీపూరు ఆసుపత్రిలో మధుసూదనుడు కన్నుమూసెను. లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానవాటికయందు అతని సమాధిపై చెక్కిన పద్యము అతడు రచించుకొన్నదే. భాష ఇంగ్లీషు కాదు, ఇటాలియను కాదు, వంగము.