తెలియదని చెప్పగలిగిన మహావిజ్ఞాని: ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గి

వంకాయను తరిగి పళ్ళెంలో ఉంచితే కొద్దిసేపటికే ముక్కలు నల్లబడటం మన ఇండ్లలో అందరూ ఎరిగినదే. అందువల్లనే మన తల్లులు తరిగిన ముక్కలను వెంటనే ఉప్పునీళ్ళలో వేస్తారు. ఆపిల్ ముక్క, అరటిపండు తొక్క కూడా గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతాయి. కాని కోసిన నిమ్మచెక్క అలా నల్లబడదు. పైగా నిమ్మరసం పూసిన ఆపిల్ ముక్క కూడా త్వరగా రంగు మారదు. తరతరాలుగా వంటయింట అందరూ చూస్తున్న ఈ చిన్న విషయాన్ని చూసి, ఇది ఎందువల్ల జరుగుతున్నదని పట్టుదలతో ప్రశ్నించిన ఒక మనిషి ఆ ప్రశ్న వెంట నడిచి నోబెల్ బహుమతి వరకు వెళ్ళాడు. ఆ మహనీయుడే హంగెరీ దేశీయుడైన ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గి. విటమిన్ సి ని వేరుచేసి లోకానికి అందించిన ఆ విజ్ఞాని జీవితాన్ని మన విద్యార్థి మిత్రులకు పరిచయం చేయటం మా కర్తవ్యమని భావిస్తున్నాము.

సెంట్ గ్యోర్గి 1893 సెప్టెంబరు 16న బుడాపెస్ట్ నగరంలో జన్మించాడు. తండ్రి భూస్వామి. తల్లి వైపువారు విద్వాంసులు. తాతగారు, మేనమామ ఇరువురూ శరీర నిర్మాణ శాస్త్రంలో పేరుమోసిన ఆచార్యులు. అయితే బాల్యంలో ఆల్బర్ట్‌కు చదువుపై ఆసక్తి లేదు. పుస్తకం ముట్టని ఆ బాలుని మందబుద్ధిగానే ఇంటివారు లెక్కించారు. యుక్తవయస్సు వచ్చేసరికి అతనిలో ఏదో మార్పు కలిగింది. వైద్య పరిశోధకుడు కావాలన్న కోరికను వెల్లడించినపుడు, ఇలాంటి మొద్దు విజ్ఞాన శాస్త్రానికి పనికిరాడని మేనమామ మొదట వారించాడు. పరీక్షలలో మంచి మార్కులు తెచ్చుకున్న తరువాతనే ఆ పెద్దాయన మనస్సు మెత్తబడింది. మందబుద్ధి అన్న ముద్ర పడిన విద్యార్థులకు ఈ ఒక్క సంగతి కొండంత ధైర్యాన్ని ఇవ్వగలదని మా నమ్మకం.

1911లో వైద్య విద్యలో చేరిన ఆల్బర్ట్ చదువుకు మొదటి ప్రపంచ యుద్ధం అడ్డుతగిలింది. 1914లో సైన్యంలో వైద్య సేవకుడుగా రణరంగానికి వెళ్ళవలసివచ్చింది. సాహసానికి పతకం కూడా పొందాడు. కాని అర్థంలేని ఆ నరమేధాన్ని చూచి అతని మనస్సు విరిగిపోయింది. 1916లో తన తుపాకితో తన చేతినే కాల్చుకుని, గాయపడినవాడుగా ఇంటికి చేరుకున్నాడు. ఈ పనిని మెచ్చుకోవాలా, నిందించాలా అన్న విషయాన్ని పాఠకుల వివేకానికే విడిచిపెడుతున్నాము. ఆ తరువాతి కాలంలో ఆయన దీనిని దాచుకోలేదని మాత్రం చెప్పక తప్పదు. 1917లో వైద్య పట్టం పుచ్చుకున్నాడు.

యుద్ధానంతరం హంగెరీ చితికిపోయింది. భార్యతో, పసిబిడ్డతో ఆయన దేశదేశాలు తిరిగాడు. ప్రాగ్, బెర్లిన్, హాంబర్గ్, లైడెన్ నగరాలలో పనిచేసి చివరకు హాలెండులోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయానికి చేరాడు. మనం మొదట చెప్పుకొన్న ప్రశ్న ఆయనను పట్టుకొన్నది అక్కడనే. దెబ్బతగిలిన మొక్కలలో కొన్ని నల్లబడుతున్నాయి, కొన్ని నల్లబడటం లేదు. ఈ భేదానికి కారణం ఏమిటి?

దీనికై ఆయన ఒక సులువైన ప్రయోగం చేశాడు. మొక్కలలోని పెరాక్సిడేజ్ అనే ఎంజైమును తగిన రసాయనాలతో కలిపితే వెంటనే నీలిరంగు వస్తుంది. ఎంజైముకు బదులుగా నిమ్మజాతి పండ్ల రసాన్ని వాడినపుడు కూడా నీలిరంగు వచ్చింది; కాని ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. మరొకరయితే ఆ క్షణకాలాన్ని లెక్కచేసి ఉండేవారు కాదు. ఆ రసంలో ఏదో ఒక పదార్థం ఆక్సిజన్ దాడిని తాను భరించి, అది పూర్తిగా ఖర్చయ్యే వరకు ఇతర పదార్థాలను కాపాడుతున్నదని ఆయన ఊహించాడు. నేడు యాంటీ ఆక్సిడెంట్లు అని పిలువబడే పదార్థాల పని ఇదే. ఒక్క క్షణం ఆలస్యంలో ఒక మహా రహస్యం దాగి ఉన్నది.

ఇక్కడ మరొక విచిత్రం కూడా ఉన్నది. మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు పాడైన రోగుల చర్మం గోధుమరంగుకు తిరుగుతుంది. మొక్కలు నల్లబడటానికి, దీనికి సంబంధం ఉండవచ్చునని ఆయన అనుకున్నాడు. ఆ ఊహ తప్పు. కాని ఆ తప్పు ఊహతో గ్రంథులను వెదికితే, నిమ్మజాతి పండ్లలోని పదార్థమే అక్కడ కూడా దొరికింది. తప్పుదారి కూడా శ్రద్ధగా నడిచేవానిని ఒక్కొక్కసారి గమ్యానికి చేరుస్తుందనటానికి ఇది నిదర్శనం.

ఇంతలో కష్టాలు చుట్టుముట్టాయి. గ్రోనింగెన్‌లో ఆయనను ఆదరించిన ఆచార్యుడు మరణించాడు. తరువాత వచ్చిన వారికి ఈ పనిపై ఆసక్తి లేదు. చేతిలో డబ్బు లేదు. భార్యాబిడ్డలను స్వదేశం పంపివేసి, తన జీవితాన్నే ముగించుకోవాలనేంతటి నిరాశలో మునిగాడు. చివరిసారిగా శాస్త్రజ్ఞులను చూడాలని 1926లో స్టాక్‌హోం నగరంలో జరిగిన శరీరధర్మ శాస్త్రజ్ఞుల మహాసభకు వెళ్ళాడు. అక్కడ అధ్యక్ష స్థానంలో ఉన్న కేంబ్రిడ్జ్ ఆచార్యుడు ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్కిన్స్ తన ఉపన్యాసంలో అనామకుడైన ఈ యువకుని పరిశోధనను పేరుపెట్టి ప్రస్తావించాడు. సభానంతరం పలుకరించగా కేంబ్రిడ్జ్‌కు రమ్మని ఆహ్వానించాడు. పెద్దల నోట వచ్చిన ఒక్క మంచిమాట ఒక నిండు ప్రాణాన్ని నిలబెట్టింది. ఉపాధ్యాయులు, కళాశాల పాలక సంఘం పెద్దలు ఈ ఘట్టాన్ని మనస్సులో ఉంచుకోవలసిందిగా వినయంతో కోరుతున్నాము.

కేంబ్రిడ్జ్‌లో ఆయన ఆ పదార్థాన్ని శుద్ధమైన స్ఫటికాల రూపంలో వేరుచేయగలిగాడు. అది చక్కెరలకు దగ్గరి చుట్టమని తేలింది, కాని దాని నిర్మాణం తెలియదు. అందువల్ల దానికి ఇగ్నోజ్ అని పేరు పెట్టాడు. తెలియని చక్కెర అని దీని భావం. పత్రికా సంపాదకుడు ఇది పరిహాసమని తిరస్కరించగా, దేవునికే ఎరుక అన్న అర్థం స్ఫురించే గాడ్‌నోజ్ అన్న పేరును పంపాడు. అదీ చెల్లలేదు. చివరకు హెక్సురోనిక్ ఆమ్లం అన్న పేరుతో 1928లో వ్యాసం వెలువడింది. లోకం దీనిని హాస్యంగా తీసుకున్నది. మేము మాత్రం ఇందులో ఒక గొప్ప సంస్కారాన్ని దర్శిస్తున్నాము. తెలియని దానిని తెలియదని చెప్పటానికి కావలసిన ధైర్యం అందరికీ ఉండదు.

తరువాత అమెరికాలోని మేయో క్లినిక్‌లో కబేళాల నుండి తెప్పించిన గ్రంథులతో నెలల తరబడి శ్రమించి సుమారు 25 గ్రాముల పదార్థాన్ని కూడబెట్టాడు. అందులో కొంత బర్మింగ్‌హాం ఆచార్యుడు వాల్టర్ హావర్త్‌కు పంపాడు. నిర్మాణం తేల్చటానికి అది చాలలేదు. అటు తరువాత స్వదేశం పిలుపునందుకొని సెగెడ్ నగరంలోని విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి స్వీకరించాడు.

ఆ రోజులలో స్కర్వీ వ్యాధిని మాన్పే విటమిన్ సి ఉన్నదని అందరికీ తెలుసు, కాని దానిని కళ్ళతో చూచినవారు లేరు. చిగుళ్ళు వాచి, రక్తం కారి, ప్రాణం తీసే ఆ వ్యాధి వేలాది నావికులను బలిగొన్నది. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకావైద్యుడు 12 మంది రోగులపై పరీక్ష జరిపి, నారింజ, నిమ్మ పండ్లు తిన్నవారే త్వరగా కోలుకున్నట్లు చూపాడు. సెగెడ్‌లో సెంట్ గ్యోర్గి, అమెరికా నుండి వచ్చిన జోసెఫ్ స్వర్బెలీ కలిసి గినీ పందులకు ఉడికించిన ఆహారం పెట్టారు. మనిషివలెనే ఆ జంతువు కూడా విటమిన్ సి ని తన శరీరంలో తయారుచేసుకోలేదు. రోజుకు ఒక్క మిల్లీగ్రాము హెక్సురోనిక్ ఆమ్లం ఇచ్చిన జంతువులు ఆరోగ్యంగా నిలిచాయి. ఇవ్వనివి స్కర్వీతో చనిపోయాయి. సందేహం తీరింది. అమెరికాలో చార్లెస్ గ్లెన్ కింగ్ కూడా ఇదే ఫలితాన్ని 1932లో కొద్దిరోజుల ముందుగా ప్రకటించినందున, ఘనత ఎవరిదన్న వివాదం చాలాకాలం సాగింది.

విటమిన్ దొరికింది, కాని చాలినంత లేదు. ఒకనాటి రాత్రి భార్య భోజనంలో పాప్రికా మిరపకాయలు వడ్డించింది. ఆయనకు అవి తినాలనిపించలేదు. ఆ మాట చెప్పలేక, వాటిని పరీక్షించి చూడవలసి ఉన్నదని ప్రయోగశాలకు పట్టుకుపోయాడు. అర్ధరాత్రి అయ్యేసరికి ఆ మిరపకాయ విటమిన్ సి గనియని తేలింది! సెగెడ్ మిరపకు పేరుపొందిన ఊరు. కొద్ది వారాలలో ఒక కిలోకు మించిన స్ఫటికాలు సిద్ధమయ్యాయి. వాటి సహాయంతో హావర్త్ నిర్మాణాన్ని తేల్చాడు. స్కర్వీని నివారించేది గనుక ఆస్కార్బిక్ ఆమ్లం అన్న పేరు స్థిరపడింది. 1937లో వైద్యశాస్త్రంలో సెంట్ గ్యోర్గికి, రసాయన శాస్త్రంలో పాల్ కారర్‌తో పాటు హావర్త్‌కు నోబెల్ బహుమతులు లభించాయి. మన గుంటూరు మిరప కూడా పాప్రికా జాతిదే. ఎండినపుడు విటమిన్ చాలావరకు నశిస్తుంది గాని, పచ్చిమిరపలో సమృద్ధిగా ఉంటుంది.

కీర్తి వచ్చిన తరువాత ఆయన సుఖాన్ని వెదుక్కోలేదు. తన నోబెల్ స్వర్ణపతకాన్ని యుద్ధంలో చిక్కుకున్న ఫిన్లాండ్ ప్రజల సహాయార్థం అర్పించాడు. కండరం ఎలా ముడుచుకుంటుందో తెలిపే అపూర్వ పరిశోధనలను తన సహచరులతో కలిసి యుద్ధకాలంలోనే సాగించాడు. నాజీలను ఎదిరించి, యూదు మిత్రులకు ఆశ్రయమిచ్చాడు. మిత్రరాజ్యాలతో రహస్యంగా సంప్రదించటానికి, ఉపన్యాసం నెపంతో ఇస్తాంబుల్ వెళ్ళివచ్చాడు. ఆ రహస్యం జర్మనులకు తెలిసిపోగా, యుద్ధం ముగిసే వరకు అజ్ఞాతవాసం చేశాడు. 1947లో అమెరికా చేరి, వుడ్స్ హోల్ అనే సముద్రతీర గ్రామంలో స్థిరపడ్డాడు. భార్యను, కుమార్తెను క్యాన్సర్ వ్యాధి కబళించింది. ఆ వ్యాధి మూలాన్ని వెదుకుతూనే ముసలితనం గడిపి, 1986 అక్టోబరు 22న కన్నుమూశాడు.

ఆయన భావించినవన్నీ నిజం కాలేదని కూడా చెప్పటం న్యాయం. పండ్లలోని ఫ్లేవనాయిడ్లను విటమిన్ పి అని 1936లో ఆయన ప్రకటించగా, ఆ పేరు శాస్త్రంలో నిలవలేదు. క్యాన్సర్‌ను గురించిన ఆయన సిద్ధాంతాన్ని కూడా శాస్త్రలోకం అంగీకరించలేదు.

ఆయన తెరచిన దారిలో ఎంతో జ్ఞానం లభించింది. పాతబడిన నూనె కంపు కొట్టటానికి కారణం ఆక్సిజన్ దానిలోని కొవ్వును దెబ్బతీయటమే. మన జీవకణాల పొరలలో కూడా అలాంటి సున్నితమైన కొవ్వులు ఉన్నాయి. వాటిని కొవ్వులో కరిగే విటమిన్ ఇ కాపాడుతుంది. అలసిన విటమిన్ ఇ ని నీటిలో కరిగే విటమిన్ సి తిరిగి శక్తిమంతం చేయగలదని ప్రయోగశాలలలో చూపారు. ఇది తెలియగానే, మాత్రలు మింగితే సర్వరోగాలూ తొలగుతాయన్న ప్రచారం బయలుదేరింది. కాని ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగత్రాగే పురుషులపై జరిపి 1994లో ప్రకటించిన పరీక్షలో, బీటా కెరొటీన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. మితిమీరిన మోతాదులో నోటిద్వారా ఇచ్చిన విటమిన్ సి క్యాన్సర్ రోగులకు మేలు చేయలేదని 1979, 1985 సంవత్సరాలలో పరీక్షలు తేల్చాయి. ఆ పరీక్షలు జరిగినది ఒకనాడు సెంట్ గ్యోర్గి గ్రంథులతో శ్రమించిన మేయో క్లినిక్‌లోనే కావటం గమనార్హం. ఉసిరి, జామ, నిమ్మ, ఆకుకూరలు మన పెరటిలోనే ఉండగా ఆరోగ్యవంతులు సీసాల వెంట పరుగెత్తటం వివేకం కాదు.

విద్యార్థి మిత్రులారా! పరీక్ష పత్రంలో తెలియదని వ్రాస్తే మార్కులు రావు. కాని విజ్ఞానశాస్త్రంలో తెలియదన్న మాటతోనే అసలు పరీక్ష మొదలవుతుంది. ఆ మాటను ఒక పదార్థానికి పేరుగా పెట్టటానికి జంకని ఈ మహనీయుని తలచుకొని, ఇంట తరిగిన వంకాయ ముక్క నల్లబడినపుడు ఎందువల్ల అని ఒకసారి ప్రశ్నించుకోండి. మేము కోరేది అంతే.