శ్రీ రామానుజులవారి ఆలయ వ్యవస్థ

భగవద్రామానుజులను శ్రీభాష్యకారులుగా ఎరుగని వైష్ణవ గృహము లేదు. వారు ఆలయముల నిర్వహణను చక్కదిద్దిన కార్యదక్షులు కూడ నను విషయమును మనము అంతగా తలపము.

క్రీ.శ. 1017లో శ్రీపెరుంబూదూరున ఆసూరి కేశవసోమయాజి, కాంతిమతీ దంపతులకు జన్మించి, సన్న్యసించిన పిదప వారు శ్రీరంగము చేరిరి. అప్పుడు ఆలయపు తాళములు, పెత్తనము పెరియకోయిల్ నంబి చేతిలో నుండెను. రామానుజులవారు వానిని బలిమితో తీసికొనలేదు. శిష్యుడైన కూరత్తాళ్వానుని పంపి, ఓర్పుతో నంబి మనసు మార్చిరి. ఆ నంబియే తిరువరంగత్తముదనారై ఆచార్యులపై 108 పాశురముల అంతాదిని రచించెను. కైంకర్యపరుల వర్గములు ఐదుండగా పదిగా పెంచి, ఎవరి సేవ ఏదో నిర్ణయించిరని కోయిలొళుగు చెప్పుచున్నది. ఇది అందరికిని రుచింపలేదు. భిక్షాన్నములో విషము కలిపిన కథ గురుపరంపరా గ్రంథములలో నున్నది.

పూరీక్షేత్రమున పూజావిధానమునే మార్పబూనగా అర్చకులు అంగీకరింపలేదు. జగన్నాథుడే వారిని రాత్రికి రాత్రి మన శ్రీకూర్మమునకు చేర్చెనని సంప్రదాయము. ఆచార్యుల యత్నము ఫలింపలేదని దాచక చెప్పిన పెద్దల నిజాయితీ మెచ్చదగినది.

తిరుమలలో వారి మార్గము వేరు. ఆ కొండ వారికి కొత్త కాదు. మేనమామ తిరుమలనంబి అక్కడ తీర్థకైంకర్యము చేయుచుండిరి. ఆయన వద్దనే ఒక సంవత్సరము రామాయణ రహస్యములను గ్రహించిరి. శిష్యుడు అనంతాళ్వాను అక్కడ పూదోట పెంచెను. అట్టి చోట వైఖానసార్చనను వారు కదలింపలేదు. అర్చకుల హక్కు అర్చకులకే యుంచిరి. కట్టుబాట్లు తప్పకుండ చూచుటకు మాత్రము ఒక యతిని నియమించి, హనుమన్ముద్రిక నిచ్చి, తోడుగా ఏకాంగులను ఏర్పరచిరని సంప్రదాయము. యతియే యేల? ఆలుబిడ్డలు లేనివానికి ఆలయ ధనమును దాచి యీయదగిన వారసులుండరు. పూజ చేయు చేయి, పర్యవేక్షించు కన్ను వేరు వేరుగా నుండుట ఇందలి కీలకమని మాకు తోచుచున్నది.

రామానుజులవారు 1137లో పరమపదించిరి. కొండపై పాలన ఎన్నో చేతులు మారెను. 1843లో కుంపిణీ వారు హాథీరాంజీ మఠ మహంతులకు అప్పగించిరి. 1933లో దేవస్థానముల కమిటీ వచ్చెను. వైఖానసార్చన మాత్రము నిలిచినది. జియ్యంగార్లు నేటికిని నిత్యకైంకర్యములందు పాల్గొనుచున్నారు. అశోక్ నగర్, చిక్కడపల్లి ప్రాంతముల నుండి కొండకు వెళ్ళు భక్తులు విమాన ప్రదక్షిణమున భాష్యకారుల సన్నిధిని దర్శింపవచ్చును.