భిక్షువు, ఆచార్యుడు: పునీత బొనవెంతూర

ఏమీ తనదిగా ఉంచుకొననని వ్రతం పట్టినవానికి గ్రంథాలయం ఎందుకు? 13వ శతాబ్దంలో పారిస్ విశ్వవిద్యాలయాన్ని కలవరపెట్టిన వివాదాల వెనుక ఈ ప్రశ్న ఉన్నది. జీవితమంతా దీనితో తలపడిన మహనీయుని చరిత్రను విద్యార్థి లోకానికి పరిచయం చేయ సాహసిస్తున్నాము.

మధ్య ఇటలీలోని బాన్యోరేజో ఆయన జన్మస్థలం. 1217లో జన్మించారని కొందరు, 1221లోనని కొందరు పండితుల అభిప్రాయం. తల్లిదండ్రులు పెట్టిన పేరు జొవాన్ని. బాల్యంలో ప్రాణాంతకమైన వ్యాధి సోకగా, తల్లి అస్సీసీపురి ఫ్రాన్సిస్‌కు మ్రొక్కుకొన్నందువల్ల తాను బ్రతికినట్లు ఆయనే వ్రాసుకొన్నారు.

ఆ ఫ్రాన్సిస్ బట్టల వర్తకుని ఇంట పుట్టి, సర్వస్వమూ త్యజించి పేదరికాన్ని వరించినవారు. ఆయన చదువును ద్వేషించలేదు గాని, పాండిత్యం వెంట గర్వం వస్తుందని శంకించేవారు. ప్రార్థనాసక్తి చల్లారరాదన్న నియమంపైననే ఆంతోని అనే సోదరునికి దైవశాస్త్ర బోధనకు అనుమతించారు. 1226లో ఫ్రాన్సిస్ మరణించిన పదేళ్ళకే, ఇంగ్లాండుకు చెందిన హేల్స్ అలెగ్జాండర్ పారిస్‌లో ఆచార్యులుగా ఉంటూనే ఆ భిక్షువుల సభలో చేరారు. దానితో భిక్షువులకు విశ్వవిద్యాలయంలో పీఠం లభించింది. బొనవెంతూర ఆ అలెగ్జాండర్ శిష్యులు. 1243లో తామూ సభ దుస్తులు ధరించారు.

1253లో పారిస్‌లో నగర రక్షకభటుల చేతిలో ఒక విద్యార్థి హతుడు కాగా, ఆచార్యులు నిరసనగా పాఠాలు నిలిపివేశారు. భిక్షు గురువులు మాత్రం బోధన మానలేదు. సహాధ్యాపకులకు ఆగ్రహం కలగడం సహజమే. వారి పక్షాన కొంత న్యాయం ఉన్నదనే మా భావన. కాని వివాదం అక్కడ ఆగలేదు. సెయింట్ ఆమూర్ విలియం అనే ఆచార్యుడు భిక్షాటన జీవితమే అధర్మమని వాదించాడు. ఏ వస్తువుపైనా స్వామ్యం లేకుండా దానిని వినియోగించుకొనవచ్చునని, స్వచ్ఛంద దారిద్ర్యం సువార్తకు సమ్మతమని బొనవెంతూర ప్రతివాదం చేశారు. 1256లో పోపు నాలుగవ అలెగ్జాండర్ విలియం గ్రంథాన్ని ఖండించారు. మరుసటి ఏడు థామస్ అక్వినాస్‌తో పాటు బొనవెంతూరను ఆచార్య బృందంలో చేర్చుకొన్నారు. చిత్రమేమంటే, అప్పటికి కొన్ని నెలల ముందే ఆయన సభకు అధిపతిగా ఎన్నికై బోధన విడిచారు!

అధిపతిగా వ్రాసిన తొలి లేఖలోనే తమ సోదరుల దోషాలను ఎత్తిచూపారు: సోమరితనం, పట్టుబట్టి యాచించడం, ఆడంబర భవనాలు. పరులతో వాదించి గెలిచినవారు స్వజనులను ఇంత నిర్మొహమాటంగా మందలించడం అరుదు. 1259లో, ఫ్రాన్సిస్ తపస్సు చేసిన లావెర్నా కొండపై ఏకాంతంలో ఉండి, బుద్ధి దైవాన్ని చేరే మార్గాన్ని గురించిన తమ ప్రసిద్ధ గ్రంథాన్ని సంకల్పించారు. ప్రేమ తోడు లేని పఠనం చాలదన్నది అందలి సారం.

ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్‌ల గ్రంథాలు అరబ్బీ నుండి లాటిన్‌లోకి పరివర్తితమై పారిస్‌లో చదువబడుతున్న కాలమది. ప్రపంచం అనాది అన్న వాదాన్ని బొనవెంతూర తమ ఉపన్యాసాలలో గట్టిగా ఎదిరించారు.

ఒక్క విషయంలో ఆయన కాలపు నిర్ణయాన్ని మేము సమర్థింపజాలము. ఆయన రచించిన ఫ్రాన్సిస్ చరిత్ర వెలువడిన పిదప, 1266లో సభ పూర్వ చరిత్రలన్నిటినీ నాశనం చేయవలసిందిగా ఆజ్ఞాపించింది. కొన్ని ప్రతులు ఎట్లో మిగిలాయి. పుస్తకాల కోసం పోరాడినవారు పుస్తకాలను రూపుమాపబూనడం విచారకరం.

1265లో యార్క్ అగ్రపీఠాన్ని వద్దన్నారు. 1273లో కార్డినల్ పదవి తప్పలేదు. దూతలు వచ్చేసరికి ఆయన గిన్నెలు కడుగుతున్నారనీ, పని ముగిసేదాకా టోపీని చెట్టుకొమ్మకు తగిలించి ఉంచమన్నారనీ ఐతిహ్యం. 1274 జూలై 15న, లియోన్ మహాసభ జరుగుచుండగా పరమపదించారు. 1482లో పునీతులుగా, 1588లో శ్రీసభ పండితులుగా ప్రకటింపబడ్డారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రాన్సిస్కన్‌లు 1858లో స్థాపించిన విద్యాలయం ఆయన పేరనే ఉన్నది. ఫ్రాన్సిస్కన్ గ్రంథాలను సేకరించిన పెద్ద గ్రంథాలయం ఒకటి అక్కడ గలదు.