జీతంలేని ప్రొఫెసరమ్మ

పదో తరగతి సైన్సు గుర్తుందా? పరమాణువు మధ్యలో కేంద్రకం, దాని చుట్టూ ఉల్లిపొరల్లా కర్పరాలు, వాటిల్లో ఎలక్ట్రాన్లు. మొదటి పొరలో రెండు, రెండోదాంట్లో ఎనిమిది పడతాయి. పై పొర నిండిందా, నియాన్‌లాగా ఇక ఎవరి జోలికీ పోదు. కేంద్రకం లోపలా అలాంటి పొరలే ఉన్నాయని తేల్చినావిడ గురించి మాత్రం మనకెవరూ చెప్పలేదు.

మరియా గెప్పర్ట్ 1906లో అప్పటి జర్మనీలోని కాటోవిట్జ్‌లో పుట్టింది. కూతురు ఉత్త ఇల్లాలిగా మిగిలిపోకూడదని తండ్రి పట్టుదల. (ఆ 'ఉత్త' దగ్గర నాకు కాస్త చివుక్కుమంది లెండి.) 1930లో డాక్టరేటు, ఆ ఏడే అమెరికన్ శాస్త్రవేత్త జోసెఫ్ మేయర్‌తో పెళ్లి, అమెరికా కాపురం.

చిక్కంతా అక్కడే. భర్త పనిచేసే యూనివర్సిటీలో భార్యకి ఉద్యోగం ఇవ్వరట! బాల్టిమోర్‌లో జర్మన్ ఉత్తరాలు చూసిపెట్టినందుకు ఏదో నాలుగు డబ్బులిచ్చారు. ఇద్దరు పిల్లలు. కొలంబియాలో గది ఇచ్చారు గానీ జీతం లేదు. అక్కడే ఫెర్మీ అడిగితే, యురేనియం దాటిన మూలకాల్లో ఎలక్ట్రాన్లు ఏ పొరలో సర్దుకుంటాయో లెక్కగట్టి 1941లో ప్రచురించింది. వాటిల్లో చాలా మూలకాలు అప్పటికింకా ఎవరికీ దొరకనేలేదు!

1946లో షికాగో. ప్రొఫెసరే, కానీ జీతం లేకుండా. పక్కనున్న ఆర్గాన్ ప్రయోగశాలలో సగం రోజు పనికి మాత్రం డబ్బిచ్చేవారు. 2, 8, 20, 28, 50, 82, 126 - ప్రోటాన్లో న్యూట్రాన్లో ఇన్ని ఉంటే కేంద్రకం గట్టిగా ఉంటోందని ఆవిడ కంటబడింది. మన ఇత్తడి గిన్నెలకి కళాయి వేసే తగరంలో 50 ప్రోటాన్లుంటాయి. స్థిరంగా ఉండే రకాలు పది దానికి, మరే మూలకానికీ అన్ని లేవు. ఎందుకలా? ఓరోజు ఫోనొస్తే లేచివెళ్తూ ఫెర్మీ ఒక ప్రశ్న వేశాడు: కణం తన చుట్టూ తాను తిరగడానికీ, కక్ష్యలో తిరగడానికీ ఏమన్నా లంకె ఉందా అని. ఆయన తిరిగొచ్చేసరికి ఆవిడకి చిక్కుముడి విడిపోయింది.

గదినిండా జంటలు గుండ్రంగా తిరుగుతూ నాట్యం చేస్తున్నాయనుకోండి. ప్రతి జంటా తన చుట్టూ తానూ తిరుగుతుంది. రెండు తిరుగుళ్లూ ఒకే వైపైతే తేలిక, ఎదురైతే కష్టం. ఇలాగే చెప్పేదావిడ. ఆ తేడావల్లే పొరలు సరిగ్గా ఆ అంకెల దగ్గర నిండుతాయి.

అదే సమయంలో జర్మనీలో జెన్సన్ కూడా ఇదే కనిపెట్టాడు. పోటీ పడలేదు, 1955లో ఇద్దరూ కలిసి పుస్తకం రాశారు.

పూర్తి జీతంతో ప్రొఫెసరు పదవి 1960లో శాన్ డియాగోలో దొరికింది, యాభై నాలుగేళ్లకి! కొన్నాళ్లకే పక్షవాతం వచ్చినా పని మానలేదు. 1963లో నోబెల్ వస్తే ఊరి పత్రిక శీర్షికలో శాస్త్రవేత్త అనలేదు, ఊళ్లోని ఓ తల్లి అని వేసింది. 1972లో కన్నుమూసింది.

భౌతికశాస్త్రంలో మేరీ క్యూరీ తర్వాత నోబెల్ అందుకున్న రెండో స్త్రీ ఈవిడ. మూడో ఆవిడ రావడానికి 2018 దాకా పట్టింది.